నాలుగో నంబరు మీద నా ఫిర్యాదు

హిందూపురంలో మా పెరటి గోడకు అవతలిపక్క డిగ్రీ కళాశాల మైదానం. అక్కడ తన్నిన బంతి హద్దు దాటితే పడేది మా పెరట్లోనే. మండల కార్యాలయంలో ముప్పై ఏళ్లు దస్త్రాలు చూసి పదవీ విరమణ చేసినవాణ్ణి కనుక, పోట్లాటకు దిగకుండా ఒక పుస్తకం తెరిచాను. తేదీ, సమయం, బంతి పడిన చోటు, జరిగిన నష్టం, తన్నినవారి చొక్కా నంబరు అని ఐదు గడులు గీశాను. నష్టం గడిలోకి విరిగిన మిరపమొక్కలు, పగిలిన కుండ, మా ఆవిడ చీర మీద ఆరబెట్టిన వడియాలు వరుసగా ఎక్కాయి. మూడు నెలలకొకసారి ఆ పుటలకు నకలు తీసి, పైన ఉత్తరం జతచేసి ప్రిన్సిపాలుకు ఇచ్చాను. మూడు ఫిర్యాదులకూ ఒక్క జవాబైనా రాలేదు. అందినట్లు సంతకం పెట్టమంటే అక్కడి గుమాస్తా నవ్వాడు. వచ్చిన కాగితాన్ని చదవని కార్యాలయం ఎవరి కోసం ఉన్నట్టో నాకు నేటికీ తెలియదు.

ఆ పుస్తకంలో సగానికి పైగా వరుసల్లో ఒకే నంబరు ఉంది: నాలుగు. ఆడపిల్లల ఫుట్‌బాల్ జట్టులో వెనక, గోల్‌కీపరుకు ముందు నిలబడి బంతిని అడ్డుకునే అమ్మాయిది. ఒక సాయంత్రం ఆమే మా గేటు దగ్గరికి వచ్చింది.

“తాతా, బంతి ఈడ పడిందా?”

“పడింది. వడియాల మీద. నాలుగో నంబరు నువ్వేనా?”

“అవు తాతా. నా నంబరు నీకెట్ల తెలుసు?”

“నీ పేరు తప్ప అన్నీ తెలుసు,” అని పుస్తకం చేతికిచ్చాను. భయపడుతుందని నా అంచనా. ఆమె పుటలు తిప్పుతూ పగలబడి నవ్వింది.

“ఓయమ్మా, ఇన్నిసార్లు తన్నినానా! మా నాయన చూస్తే గొర్రెల లెక్క గూడా నీతోనే రాయిస్తాడు తాతా!”

“రాస్తాడు పాపా,” అంది మా ఆవిడ. “నేను పులుసులో ఉప్పు ఎక్కువేసిన దినాలు గూడా రాసిపెట్టుకోనుండాడు.”

అది అన్యాయం. నేను రాసింది ఒక్క ఏడాది మాత్రమే.

ఆ అమ్మాయి మెట్టు మీద కూర్చుని వడియాలకు అంటిన మట్టి దులుపుతూ తన సంగతి చెప్పింది. రొద్దం దగ్గరి పల్లె. అమ్మానాన్నలు గొర్రెలు కాస్తారు. సెలవులొస్తే మందకూ ఊరివాళ్ల వేరుశనగ చేనుకూ మధ్య గట్టు మీద నిలబడటం ఈమె పని.

“గొర్రె కాళ్లు చూస్తే మోసపోతాం తాతా. మెడ చూడల్ల. అది యాడికి తిరుగుతాదో ఆడికి మనం ముందే పోయి నిలబడల్ల. ఆటలోనూ అంతే. ఎదురుగా వచ్చే పిల్ల కాళ్లు చూడను, నడుము చూస్తా.”

హైస్కూల్లో మగపిల్లల బంతినే ఆపుతుంటే చూసి మాస్టారు జట్టులో వేశారట. కళాశాలకు వచ్చి హాస్టల్లో చేరిన రోజు నుంచి ఆమె చోటు వెనకే.

“ఇంత తెలిసినదానివి మా పెరట్లోకి తన్నడం దేనికి?”

“బయటికి పోతే ఇంక భయం లేదు గదా!”

ఈ జవాబు నాకు సమ్మతం కాలేదు. ఫిర్యాదుకు బలం చేకూరేటట్లు మర్నాడే ఆరో గడి గీశాను: ‘తన్నినప్పుడు ప్రత్యర్థి దగ్గరగా ఉన్నారా?’ రోజూ మేడ మీద కుర్చీ వేసుకుని చూసి రాశాను. నెల తిరిగేసరికి తేలిందేమిటంటే, ఆమె బయటికి తన్నినప్పుడు సగంసార్లు పది గజాల్లో మనిషి లేడు. పుట తీసి చూపించాను. ఈసారి ఆమె నవ్వలేదు.

“బంతి కాలి దగ్గరే పెట్టుకో, తలెత్తి చూడు అని ఆటలు నేర్పే మా పి.డి. సారు ఎన్నోసార్లు చెప్పినాడు. ఊరికే అంటాడనుకున్న్యా. నువ్వు రాసింది చూస్తే నమ్మాల్సి వస్తాండాది.”

అప్పటినుంచి ఆట కాగానే గేటు దగ్గర అదే ప్రశ్న: “తాతా, ఈపొద్దు ఎన్ని?” మూడు, రెండు, ఒకటి. కొన్ని దినాలు ఆమె వరుస ఖాళీ.

పెనుకొండలో కళాశాలల పోటీ జరిగితే పుస్తకం చంకలో పెట్టుకుని బస్సెక్కాను. ఆమె బంతిని కాలి కింద ఆపి, చూసి, ముందున్న పిల్లకు అందించింది. ఒక్కసారి మాత్రం అలా ఆపుకోబోయి పోగొట్టుకుంది. గోలు పడింది.

“ఏమప్పా, బయటికి తన్నేసింటే సరిపోతాండె గదా!” అన్నాడు నా పక్కనున్న మనిషి.

“లేదప్పా, పెట్టుకోనే ఆడల్ల!” అని అరిచాను. ఆ గొంతు నాదేనా అని నాకే అనుమానం కలిగింది. చివరికి మనమే గెలిచాం.

ఆ తరువాత ఒక సాయంత్రం పి.డి. మాస్టారు ముఖం వేలాడేసుకుని మా ఇంటికి వచ్చారు. మర్నాడు ధర్మవరంలో యూనివర్సిటీ జట్టుకు ఎంపిక. ఆ అమ్మాయికి అదే ఆఖరి ఏడు, ఇప్పుడు తప్పితే ఇక లేదు.

“సార్, మీ మూడు ఫిర్యాదులూ మా ఆఫీసువాళ్లు ఆ పాప దరఖాస్తుకు గుచ్చి పంపినారు. క్రమశిక్షణ లేని పిల్ల అంట. ఎంపిక చేసే మేడమ్ ఆడించకుండానే వద్దంటాండారు.”

ఏడాదిగా ఎవరూ తెరవని కాగితాలు తీరా కదిలితే ఇలా కదిలాయి! ప్రతి ఉత్తరం నెత్తిమీదా స్పష్టంగా రాశాను: ‘విషయము: గోడ ఎత్తు పెంచుట గురించి.’ విషయం చదవనివాడికి ఉద్యోగమెందుకు? అంతకంటే బాధ, ఆ నంబరు గడి గీసిన చెయ్యి నాదే.

పొద్దున్నే రైలెక్కి ధర్మవరం చేరి, మైదానం పక్క బల్ల దగ్గర కూర్చున్న మేడమ్ ముందు పుస్తకం పెట్టాను.

“అమ్మా, మీ దగ్గరున్నది సగం దస్త్రం. తక్కిన సగం ఇది.”

“ఫిర్యాదు రాసిందీ నువ్వే, సిఫారసుకు వచ్చిందీ నువ్వేనా పెద్దాయనా?”

“సిఫారసు కాదమ్మా. రికార్డు.”

ఆమె మొదటి పుటలు చూశారు, చివరి పుటలు చూశారు. ఆరో గడి దగ్గర చాలాసేపు ఆగారు. “సరే, కాగితం కాగితమే. ఆడనీ, చూస్తాం,” అన్నారు.

నాలుగో నంబరు నిదానంగా ఆడింది. ఆపింది, చూసింది, అందించింది. ఇంక కాసేపట్లో ముగుస్తుందనగా గోల్‌కీపరు కింద పడిపోయింది. బంతి గోలు ముందు ఎగురుతోంది, ఇద్దరు మీదికొస్తున్నారు. మా అమ్మాయి ఒక్క తన్ను తన్నింది. బంతి గోడ దాటి వీధిలో పడింది. అక్కడ చీరల దారాలు వీధి పొడుగునా సాచుకున్న నేతగాడెవరో కేక పెట్టాడు: “ఎవర్రా అది, పట్టు పడుగు మీదికి తన్నింది!”

ఆ మనిషి బాధ నాకంటే బాగా ఎవరికి తెలుసు? మేడమ్ నావైపు తిరిగారు.

“దీన్ని ఎట్ల రాస్తావు పెద్దాయనా?”

అప్పటికే రాశాను. చూపించాను: ‘ప్రత్యర్థి దగ్గరగా ఉన్నారా? ఇద్దరు. తన్నుట అవసరము.’

ఆమె పెద్దగా నవ్వి, తన కాగితంలో నాలుగు అని రాసుకున్నారు.

మర్నాడు ప్రిన్సిపాలుకు నాలుగో ఉత్తరం ఇచ్చాను. నాలుగో నంబరుకు సంబంధించినంతవరకు ఫిర్యాదు ఉపసంహరించుకుంటున్నాను, గోడ విషయం యథాతథం. ఈసారి గుమాస్తా అందినట్లు సంతకం పెట్టేదాకా నేను కుర్చీలోంచి లేవలేదు.

పక్షం దాటాక ఆ అమ్మాయి యూనివర్సిటీ చొక్కా తొడుక్కుని గేటు దగ్గరికి వచ్చింది, వెనక్కి తిరిగి వీపు చూపించింది.

“తాతా, నంబరు మారింది. పదిహేను. పుస్తకంలో దిద్దుకో.”

దిద్దలేదు. మా ఆవిడ వడియాల పళ్లెం లోపలికి తీసుకుపోతుండగా కొత్త పుట తెరిచి, పైన పదిహేను అని రాసి, ఆరు గడులూ గీశాను.