మేడ గది వేయించమన్నాను

వరదల గురించి నాకు తెలియనిది లేదని చాలా ఏళ్లు నమ్మాను. మాది కోనసీమ. గోదావరి పొంగితే ఏం చేయాలో మాకు ఎవరూ నేర్పనక్కర్లేదు. బియ్యం అటక మీదికి, పిల్లలు డాబా మీదికి, ఆ తరవాత పెద్దవాళ్లు. నాలుగు రోజులు చుట్ట కాలుస్తూ కూర్చుంటే నీళ్లు వాటంతట అవే పోతాయి. ఇల్లు వదిలి పారిపోయినవాణ్ణి మళ్లీ వరద వచ్చేదాకా ఎగతాళి చేస్తారు.

ఎనభైల మొదట్లో అరబ్బు దేశానికి పనికి వెళ్లాను. అక్కడ షుఐబాలో, కంపెనీ క్యాంపులో, నా గదిలో మరో ఇద్దరుండేవారు. ఒకడు రాయచోటి డ్రైవరు. రెండో అతను ఫిలిప్పీన్స్ వెల్డరు, నెమ్మదస్తుడు. నేను స్టోర్ కీపర్ని కాబట్టి నాకు చాలా తెలుసని అతని నమ్మకం. నేనూ కాదనలేదు.

అతని ఊరు ఒక అగ్నిపర్వతం కింద, ఏటి ఒడ్డున. ఆ ఏడు కొండ కాస్త బూడిద కక్కి ఊరుకుంది. ఆ బూడిదంతా వాలు మీదే ఉండిపోయింది. పెద్ద వాన పడితే ఏటి వెంట దిగివస్తుందనీ, అప్పుడు అందరూ గుట్ట మీది బడికి పోవాలనీ అక్కడి అధికారులు చెబుతున్నారట. ఇంట్లో భార్య, ఇద్దరు పిల్లలు, పెళ్లికాని చెల్లెలు. వాన పడ్డప్పుడల్లా వాళ్లు ఇల్లు వదలాలా అని మమ్మల్ని అడిగాడు. అతను పుట్టాక ఆ కొండ అంతకుముందు ఎప్పుడూ కదలలేదు, అందుకే అతనికీ తెలియదు.

"మా తట్టు తాగేదానికే నీళ్లు ల్యావు. వరద సంగతి నువ్వే చెప్పన్నా," అన్నాడు డ్రైవరు నాతో.

"వరదంటే మాకు చుట్టం లాంటిదయ్యా. వత్తది, నాలుగ్రోజులుంటది, పోద్ది," అన్నాను.

వెల్డరుకు ఇంగ్లీషులో చెప్పాను: ఇల్లు వదలొద్దు, పైన ఒక గది వేయించు. అతను అలాగే రాశాడు. రెండు నెలల్లో మేడ గది ఫొటో వచ్చింది. దాన్ని మెస్సులో అందరికీ నేనే చూపించాను.

తరవాతి ఉత్తరంలో ఇంకో కబురు వచ్చింది. ఎగువన ఒక ఊళ్లోకి ఏరు దిగింది. నీళ్లు కాదట, తడి సిమెంటు లాంటి బురదట. బండరాళ్లు దాంతోపాటు దొర్లుకుంటూ వచ్చాయట, గోడలు నిలవలేదట. "బురదే కదా," అన్నాను.

మర్నాడు సైట్లో ట్యాంకు పునాదికి కాంక్రీటు పోస్తున్నారు. సామాను లెక్క చూడబోయి ఒక కాలు అందులో వేశాను. మోకాలి దాకా దిగింది. ఇద్దరు చంకల కింద పట్టుకుని లాగితే కాలు వచ్చింది, బూటు రాలేదు. అది కదలకుండా ఉన్న కాంక్రీటు. అదే కొండ మీంచి పరుగెత్తుకొస్తే మేడ ఎత్తు ఎంతైతే ఏం లాభం? గోడే ఉండదు. 

ఫోర్‌మన్‌ని బతిమాలి, వెల్డరును తీసుకుని సిటీకి వెళ్లి టెలిగ్రాం కొట్టించాను. మాటలు నేనే చెప్పాను: వాన పడితే గుట్టకు పోండి, మేడ ఎక్కకండి.

వాళ్ల ఊరి మీదికి తుఫాను నెలాఖరులో వచ్చింది. మూడు వారాలు ఉత్తరం లేదు. అతను రోజూ పనికి వెళ్లాడు, రోజూ అన్నం వదిలేశాడు.

ఉత్తరం వచ్చాక అతను గదిలోనే, మా ముందే, ఇంగ్లీషులో చెబుతూ చదివాడు. టెలిగ్రాం అందింది. వాన మొదలవగానే భార్య పిల్లలను తీసుకుని గుట్టకు వెళ్లింది. చెల్లెలు మాత్రం, మీరు నడవండి, బియ్యం మేడ గదిలో పెట్టి వస్తానందట. కొండ వైపు నుంచి లారీలు వస్తున్నట్టు చప్పుడు వినిపించిందట. తెల్లారి చూస్తే ఏ ఇల్లు ఎక్కడుండేదో కూడా తెలియలేదట.

ఉత్తరం చివర అతని భార్య ఒకటే అడిగింది: ఆ గది ఎందుకు వేయించావు?

ఆ సలహా ఎవరిదో అతను ఇంటికి ఎప్పుడూ రాయలేదని నాకు అప్పుడు తెలిసింది. అతని ఆలోచనే అనుకున్నారు వాళ్లు.

"నాదని రాయి," అన్నాను.

కాగితం తీసి జవాబు రాశాడు. పూర్తయ్యాక నాకు చదివి వినిపించాడు. తప్పు నాది, క్షమించు అని ఉంది. కింద అతని సంతకమే ఉంది.