ఫ్లెక్సీ కట్టిన కారు

మా అన్నను నేను క్షమించలేదు. ఈ మాట మొదటే చెప్పేస్తున్నాను. లేకపోతే చివరిదాకా చదివి, "అయ్యో, తోడబుట్టినవాడు కదమ్మా" అని నాకు సుద్దులు చెప్పడానికి ఎవరో ఒకరు బయలుదేరుతారు.

ముందు కారు సంగతి చెప్పాలి. అది మా బాపుది. రఘునాథపల్లి దగ్గర మా ఊరికి వచ్చిన మొదటి కారు. గుండ్రటి బోనెట్టు, తెల్ల రంగు, ఒడ్డూ పొడుగూ ఉన్న బండి. బాపు పోయేముందు పొలం అన్నకు, కారు నాకు అన్నాడు. "ఆడిపిల్లకు కారేంది?" అని అన్న అప్పుడే మూతి ముడిచాడు. పొలమంతా తనకే వచ్చిన సంగతి మాత్రం ఆ నోటికి రాలేదు.

బాపు నాకు కారు నడపడం కంటే ముందు దాని నీళ్లు చూసుకోవడం నేర్పాడు. పొద్దున్నే ఇంజను చల్లగా ఉన్నప్పుడు బోనెట్టు ఎత్తాలి. రేడియేటర్ మూత తీస్తే వేడి లాగే కూలెంటు మందు కలిపిన పచ్చటి నీళ్లు మెడదాకా కనిపించాలి. తగ్గితే ఎటు పోతున్నాయో వెతకాలి. పైపు చివర తెల్లటి మరక కట్టిందా, కింద నేల తడిసిందా చూడాలి. తుప్పు రంగు తిరిగితే మొత్తం వంపేసి కొత్తవి పోయాలి. ఇంజను వేడి మీద ఉంటే మూత జోలికి పోకూడదు. తప్పనిసరైతే మందపాటి గుడ్డ వేసి, మొహం పక్కకు తిప్పుకొని, కొద్దికొద్దిగా తిప్పాలి. అన్నిటికీ మించి కారు ముందు జాలీకి గాలి ఆడాలి. "గాలి తగలకుంటే ఎన్ని నీళ్లు వోసినా దండుగనే బిడ్డా" అనేవాడు.

ఈ గాలి సంగతి మా ఇంట్లో అందరికంటే బాగా తెలిసింది అన్నకే. తన పెళ్లి ఊరేగింపుకు ఇదే కారు ముందర ఈ చివరి నుంచి ఆ చివరిదాకా బంతిపూల తెర కట్టించుకున్నాడు. బ్యాండు వెనక నడకన పోతూ పోతూ జనగామ నడిబజారులో కారు బుస్సుమని ఆవిరి కక్కింది. బాపు ఆ పూలన్నీ పీకి రోడ్డు మీద పారేశాడు. "అకల్ ఉన్నదారా నీకు? కారు ముక్కు మూసి ఊరేగుతవా?" అని ఆడపెళ్లివాళ్ల ముందే పెళ్లికొడుకును కడిగిపారేశాడు. ఆ రోజు అన్న మొహంలో నెత్తురు చుక్క లేదు.

రాష్ట్రం కోసం ఉద్యమం ఊపు మీదున్న రోజుల్లో అన్న లీడరయ్యాడు. ఉద్యమాన్ని నేనేమీ అనడం లేదు. నేనూ రోడ్డు మీద బైఠాయించాను. వంటా వార్పు రోజున నడిరోడ్డులో పొయ్యి పెట్టి నా చేతులతో గంజి వార్చాను. సినిమాల్లో మా మాటను రౌడీల నోట పలికించి జనాన్ని నవ్వించినప్పుడు అందరితో పాటు నా కడుపూ మండింది. కానీ అన్నకు కావలసింది రాష్ట్రం కాదు, మైకు. ఇంట్లో ఈగల మోత, బయట పల్లకీల మోత అన్నట్టుండేది ఆయన వ్యవహారం. కన్నతల్లిని, మా అవ్వను ఒక్కనాడు "తిన్నవా?" అని అడిగిన పాపాన పోలేదు. స్టేజీ ఎక్కితే మాత్రం తల్లి తెలంగాణ అంటూ కళ్లు ఒత్తుకునేవాడు.

అట్లాంటి రోజుల్లో మహదేవపూర్‌లో ఆడపిల్లల సర్కారు హాస్టలు బడిలో నాకు సైన్సు టీచరు ఉద్యోగం వచ్చింది. పెళ్లి వద్దని నిలబడ్డ మనిషిని. సర్కారు ఉద్యోగానికి నా వయసుకు అదే చివరి అవకాశం. చేరితే అవ్వను తీసుకొని అక్కడే ఉండవచ్చు. అన్న ఇంట్లో, వదిన మొహం చూసి తినే కూడు తప్పుతుంది. నాకు అంతకంటే పెద్ద కోరిక ఏదీ లేదు.

సంగతి తెలిసి అన్న అగ్గి మీద గుగ్గిలమయ్యాడు.

"ఈ సర్కారు పెట్టే పరీక్షలు రాయొద్దని నేను ఊరూర మైకుల చెప్తున్న. నా ఇంట్లకెళ్లే ఒకతె కొలువుకు పోతే నన్నెవడు నమ్ముతడు?"

"నీకు పొలమున్నది అన్నా. నేనేం తిని బతకాలె?" అన్నాను.

కండువా దులుపుకొని మీటింగుకు పోయాడు. కానీ కొద్ది రోజులకు ఆయన గొంతు మెత్తబడింది. "యాడికాడ రాస్తారోకోలు నడుస్తున్నయి. ఒక్కదానివి పోకు. నువ్వు చేరే ఆఖరు రోజే నాకు రేగొండల మీటింగున్నది. గక్కడిదాక నేను తోడొస్త" అన్నాడు. బస్సులు సరిగ్గా తిరగడం లేదు. అవ్వ కూడా ఆయన మాటే విను అంది. ఆఖరు రోజు ఆఫీసు మూసేలోపు చేరకపోతే ఆ పోస్టు లిస్టులో నా వెనకున్నవాళ్లకు పోతుంది. అది అన్నకు తెలుసు.

ఆ పొద్దున బోనెట్టు ఎత్తి చూశాను. నీళ్లు నిండుగా ఉన్నాయి. అయినా కూలెంటు కలిపిన నీళ్ల డబ్బా ఒకటి వెనక సీటు కింద పెట్టుకున్నాను. హనుమకొండ దాటేదాకా వేడి చూపించే ముల్లు సగం దగ్గరే నిలబడింది. పాతదైనా గాలి తగిలితే ఆ బండి గుర్రమే. అన్న పక్క సీటులో కూర్చొని అద్దంలో జుట్టు దువ్వుకున్నాడు. కాళ్ల దగ్గర ఏదో చుట్ట ఉంది. ఏందని అడిగితే "మీటింగు సామాను" అన్నాడు.

రేగొండలో రోడ్డు నిండా జనం, డప్పులు. అన్న దిగి ఆ చుట్ట విప్పాడు. ఫ్లెక్సీ. దాని నిండా ఆయన మొహమే. జై తెలంగాణ అన్నది కింద మూలకు, చిన్న అక్షరాల్లో. దాన్ని కారు ముందు జాలీ మీద పరిచి నాలుగు మూలలూ తనే కట్టడం మొదలుపెట్టాడు.

"అన్నా, గక్కడ కట్టకు. కారు మసులుతది. నీ పెండ్లినాడు ఏమైందో యాదికి లేదా?"

నా వైపు చూశాడు. "ఎందుకు లేదు? మంచిగ యాదికున్నది" అన్నాడు. తాడుకు ఇంకో ముడి వేశాడు.

వెనక్కి తిప్పుదామంటే వెనకా జనమే. అన్న తలుపు తెరిచి, ఒక కాలు లోపల, ఒక కాలు బయట పెట్టి నిలబడి దండాలు పెడుతున్నాడు. డప్పుల వెనక కారు నత్తనడక నడుస్తోంది. ముల్లు లేస్తోంది. కాసేపటికి కూలెంటు కాగే తియ్యటి వాసన ముక్కుకు తగిలింది. "జర ఆ ఫ్లెక్సీ ఇప్పుర్రి! గాలాడక కారు మసులుతున్నది!" అని కిటికీలోంచి అరిచాను.

"ఫ్లెక్సీ ఇప్పమంటదేంది? తెలంగాణ ద్రోహియా ఏంది గామె?" అని ఒక యువకుడు మీదికొచ్చాడు. ఇంకొకడు అన్నను అడిగాడు. "ఎవరన్నా ఈమె?"

"డ్రైవర్. నువ్వు నడువు తమ్మీ" అన్నాడు అన్న.

డ్రైవరట! ఒక్క కంచంలో తిన్నవాళ్లం. నా ఒళ్లు భగ్గుమంది. ముల్లు ఎర్ర గీత దాటింది. ఇంజను ఆపేసి, తాళం చేతి గుప్పిట్లో పెట్టుకొని దిగాను. టిఫిను సంచిలో ఉల్లిగడ్డ కోసుకునే కత్తి ఉంది. దాంతో ఫ్లెక్సీని కోశాను. కత్తి సరిగ్గా ఆయన ముక్కు మీదుగా పోయింది. కావాలని చేయలేదు. చేసినా నాకేం బాధ లేదు. బోనెట్టు ఎత్తగానే తలుపు దగ్గర నిలబడ్డ లీడరు జనానికి కనిపించకుండా పోయాడు.

"గిప్పుడే ఆపాల్నా? జల్ది నీళ్లు వోసి కదిలియ్!" అని అన్న ముందుకొచ్చాడు. "ముట్టుకోకు, చల్లారనీ" అని నేను అంటూనే ఉన్నాను. మెడలో కండువా తీసి మడత పెట్టి మూత మీద వేసి తిప్పేశాడు. పచ్చటి నీళ్లన్నీ మనిషెత్తున ఎగిరి రోడ్డు పాలయ్యాయి. ఆయన మీద ఒక్క చుక్క పడలేదు. మొహం పక్కకు తిప్పుకొని తీశాడు, బాపు నేర్పినట్టే. అప్పుడు నాకు ఏ అనుమానమూ మిగల్లేదు. తెలియక చేసిన పని కాదది. నన్ను మహదేవపూర్ చేరనివ్వకూడదని ఇంటి దగ్గరే అనుకొని వచ్చాడు.

ఇంకెవరిదో జీపు ఎక్కి ఆయన పోయాడు. జనమూ ఆయన వెంట పోయారు. తండా నుంచి వచ్చిన ఆడవాళ్లు కొందరు ఆగారు. వాళ్లలో ఒకామె తమ భాషలో మిగిలినవాళ్లను పిలిచింది. అందరూ కలిసి కారును నీడలోకి నెట్టారు. ఆమే బిందెతో నీళ్లు తెచ్చిపెట్టింది.

"ఆయన నీకేమైతడక్కా?"

"అన్న."

"సొంతమా?"

"సొంతమే."

ఆమె పక్కకు తిరిగి ఉమ్మేసింది. "గసువంటోడు మా తండల ఉంటే పొయ్యికాడికి రానియ్యం" అంది.

మసిలే ఇంజనులో చల్లనీళ్లు పోస్తే పగిలిపోతుంది. చల్లారేదాకా ఆగడం తప్ప చేసేదేమీ లేదు. పొద్దు వాలుతోంది. నేను బోనెట్టు పక్కన నిలబడి ఉంటే మైకులో అన్న గొంతు రేగొండంతా వినిపిస్తోంది. "ఈ సర్కారిచ్చే కొలువులు మనకద్దు! త్యాగం జేయాలె!" చప్పట్లు. "నీ నోట్లె మన్నువడ" అని పైకే అన్నాను. తండా ఆడవాళ్లు నవ్వారు.

డబ్బాలో నీళ్లూ బిందెలో నీళ్లూ పోసి బయలుదేరాను. కానీ ఇంజనుకు తగలవలసిన దెబ్బ తగిలింది. భూపాలపల్లి చేరకముందే ముల్లు మళ్లీ లేచింది. ఆపడం, చల్లారేదాకా చూడడం, బోరింగు కొట్టి నీళ్లు తెచ్చి పోయడం, నాలుగు ఊళ్లు దాటగానే మళ్లీ ఆపడం. అడవి దారిలో స్టీరింగు మీద తల పెట్టి, "ఒక్కసారి నడువవే తల్లీ" అని కారును బతిమాలాను. మహదేవపూర్‌లో ఆఫీసుకు తాళం వేసి ఉంది. "పొద్దుగూకింది గదమ్మా, సార్లు ఎప్పుడో పోయిండ్రు" అన్నాడు కావలి మనిషి. ఆ మెట్ల మీద కూర్చొని వెక్కి వెక్కి ఏడ్చాను. మర్నాడు వెళ్లి ఎంత మొత్తుకున్నా లాభం లేకపోయింది. పోస్టు వేరొకరికి పోయింది.

రాష్ట్రం వచ్చింది. ఆ సంబురంలో నేనూ ఎగిరాను, అబద్ధం చెప్పను. జనగామలో ఉద్యమకారులకు సన్మానమని అన్న కబురు పంపాడు. అవ్వ బలవంతం మీద వెళ్లి చివరి వరసలో కూర్చున్నాను. అన్న మైకు అందుకున్నాడు. "ఈమె నా సొంత చెల్లె. చేతికొచ్చిన సర్కారు కొలువును తెలంగాణ కోసం ఎడమకాలితోని తన్నింది!" అన్నాడు. హాలంతా చప్పట్లు. ఇద్దరు ఆడవాళ్లు వచ్చి నన్ను స్టేజీ మీదికి తీసుకుపోయారు. రేగొండలో డ్రైవరునైన నేను జనగామలో చెల్లెనయ్యాను. అన్న నా భుజాల మీద శాలువా కప్పాడు. నేను మైకు కోసం చేయి చాపాను. ఆయన దాన్ని పక్కవాడి చేతికిచ్చి, నా చేయి పట్టుకొని ఫొటోకు నవ్వాడు.

ఇప్పుడు మహబూబాబాద్‌లో ఒక ప్రైవేటు బడిలో చెబుతున్నాను. కిరాయి ఇంట్లో అవ్వా నేనూ ఉంటాం. ఇంజను బాగు చేయించాను కానీ దానికి పాత ప్రాణం రాలేదు. రోజూ పొద్దున బోనెట్టు ఎత్తి చూడాలి.

ఒకసారి అన్న వచ్చాడు. ఏదో ర్యాలీకి బాపు కారు కావాలట. అప్పుడే బజారుకు పోయి వచ్చాను. బండి వేడి మీదుంది. డిక్కీ తెరిచి, మసి పట్టిన ఆ జరీ శాలువా తీసి, మడత పెట్టి రేడియేటర్ మూత మీద వేశాను.

"గిదేందే? సన్మానం శాలువాతోని గిట్ల చేస్తరా?"

"మందంగున్నది అన్నా. చెయ్యి కాలదు" అన్నాను. మొహం పక్కకు తిప్పుకొని, కొద్దికొద్దిగా మూత తిప్పాను.