బాబాయి హాజరు పట్టీ

మా బాబాయి ఎవరినీ నమ్మడు. ఇది నింద కాదు, పరిచయం. ఆయన చేతికి ఒక గడియారం, జేబులో ఒక గడియారం ఉంటాయి. రెండూ వేరువేరు టైములు చూపిస్తే రెండింటినీ అనుమానిస్తాడు. ఒకే టైము చూపిస్తే అవి రెండూ కుమ్మక్కయ్యాయంటాడు.

"వాన వచ్చేలా ఉంది బాబాయ్" అన్నానొకసారి.

"నీకెలా తెలుసు?"

"మబ్బు పట్టింది కదా."

"మబ్బు పట్టిందని నీకెవరు చెప్పారు?"

కిటికీలోంచి కనిపించిందన్నాను. ఆయన లేచి వెళ్లి, కిటికీ రెక్కని ముందుకీ వెనక్కీ తిప్పి, దాని వాలకం చూసి వచ్చాడు.

ఇలాంటి మనిషి పెట్టుకున్నది ర్యాప్ పాటల కంపెనీ. ఇస్త్రీ దుకాణం మీద రెండు గదులు. ఒక గదిలో మైకు, ఇంకో గదిలో కంప్యూటరు, రెంటి మధ్య ఉన్న తలుపుకి మూడు తాళాలు. కంపెనీ పేరు 'తాళం రికార్డ్స్'. సంగీతంలోని తాళం కాబోలని అందరూ మెచ్చుకుంటారు. పేరు పెట్టేటప్పుడు ఆయన చూస్తున్నది తలుపు వైపు.

కంపెనీలో పాడేవాళ్లు నలుగురు. స్కూలు బస్సు నడిపే డ్రైవరక్క, పళ్ల డాక్టరు, లెక్కల మాస్టారు, లిఫ్టులు బాగుచేసే లిఫ్టన్న. నలుగురినీ ఒకే ఆల్బంలో లోకానికి చూపించాలని బాబాయి పట్టుదల. తలా రెండు పాటలు, చివర నలుగురూ తలా పదహారు లైన్లు అందుకునే పెద్ద పాట. ఆల్బం పేరు 'హాజరు పట్టీ'. నాకు సాహిత్యంలో ఎమ్మే ఉంది, ఉద్యోగం లేదు. అందుకని ఆల్బంతో పాటు వచ్చే చిన్న పుస్తకానికి పాటల మాటలు తప్పుల్లేకుండా ఎత్తిరాసి, ఒక్కొక్కరి గురించీ నాలుగు ముక్కలు రాసే పని నాకప్పజెప్పాడు. అప్పజెప్పాడంటే, పొద్దున ఇచ్చిన కాగితాలు సాయంత్రం వెనక్కి తీసుకుని, వెలుతురుకి ఎత్తి పట్టుకుని చూసేవాడు.

"ఏం చూస్తున్నావు బాబాయ్?"

"ఏమీ లేదు. నువ్వేం చూడలేదుగా?"

రికార్డింగుకి ఆయన పెట్టిన పద్ధతి ఒకటుంది. ఒకళ్లు పాడుతున్నప్పుడు మిగతా ముగ్గురూ ఆ వీధిలో కనబడకూడదు. పాడినవాళ్లు తమ గొంతు తామే వినకూడదు.

"ఒక్కసారి వినిపించండి సార్" అని మాస్టారు బతిమాలేవాడు.

"ఎందుకు? విని ఎవరికి చెబుదామని?"

"నా పాటండీ!"

"అందరూ అలాగే అంటారు."

ఇంటి దగ్గర సాధన చేసుకోవడానికి ఒట్టి సంగీతం మాత్రం ఇచ్చేవాడు. అందులోనూ ఒక కిటుకు. ఒక్కొక్కరి కాపీలో ఒక్కో శబ్దం దాచేవాడు. డ్రైవరక్కకి పిల్లి అరుపు, మాస్టారికి తుమ్ము, లిఫ్టన్నకి చెంచా కింద పడ్డ చప్పుడు, డాక్టరుకి కాలింగ్ బెల్లు. సంగీతం బయటికి పొక్కితే దొంగ ఎవరో చెవులకే తెలిసిపోవాలి. మాస్టారు ఆ తుమ్ము పాటలో భాగమేననుకుని దానికి ప్రాస కూడా కుదిర్చాడు. డాక్టరు తన కాపీని ఆసుపత్రిలో పెట్టుకుని, నోరు తెరిచిన పేషెంటుని కుర్చీలో వదిలేసి ఒకే రోజు ఆరుసార్లు వెళ్లి తలుపు తీశాడు. సాయంత్రానికి మా మెట్లెక్కి వచ్చాడు.

"మా బెల్లు పాడైందండీ. నొక్కకుండానే మోగుతోంది."

బాబాయి మొహం వెలిగిపోయింది. నా వైపు తిరిగి "రాసుకో అమ్మాయ్. పేషెంట్లకి వినిపిస్తున్నాడు" అన్నాడు.

నలుగురిలో నాకు దిగులంతా లిఫ్టన్న గురించే. ఊపిరితిత్తుల జబ్బుతో మూడు నెలలు మంచం పట్టి లేచాడు. జబ్బుకి ముందు ఆయన మాటలు తూటాల్లా వచ్చేవట. ఇప్పుడు పెద్ద పాటలో తన పదహారు లైన్లలో తొమ్మిదోదానికల్లా రొప్పు వస్తోంది, పదోదానికి దగ్గు. మూడు వారాలుగా వస్తున్నాడు, మూడు వారాలుగా ఒక్క ఊపున తొమ్మిది దాటలేదు, మిగతావి ఆగి ఆగి, దగ్గుల మధ్య లాగుతున్నాడు.

"నేను లిఫ్టు చూసే బిల్డింగులో ఏడంతస్తులకీ చెప్పేశానమ్మా" అన్నాడొకనాడు నాతో, చెమట తుడుచుకుంటూ. "నా పాట వస్తోందని. మా అమ్మాయి వాళ్ల క్లాసులో కూడా చెప్పింది. ఇప్పుడు నన్ను తీసేశారనుకో, ఆ బిల్డింగులో లిఫ్టు జన్మలో చెడిపోకుండా చూసుకోవాలి నేను."

"తీసేయరన్నా."

"నీకు మీ బాబాయి ఏమైనా చెప్పాడా?"

మా బాబాయి నాకేమైనా చెప్పడమా! కానీ ఆ వారమే అట్ట వెనక అచ్చు వేయాల్సిన కాగితం నా చేతికి వచ్చింది. పెద్ద పాట ఎదురుగా మూడు పేర్లున్నాయి. నాలుగో పేరు ఉండాల్సిన చోట ఖాళీ.

"ఇక్కడ లిఫ్టన్న పేరు రాయనా?" అన్నాను, నాకున్న ధైర్యమంతా కూడగట్టుకుని.

"వద్దు. ఆఖరి గంటలో నేనిస్తాను. ప్రెస్సువాడిని నమ్మను."

"మూడు పేర్లకి నమ్మినవాడివి నాలుగోదానికి నమ్మవా?"

ఆయన నన్ను రెండు గడియారాలనీ చూసినట్టే చూశాడు.

అనుమానం అంటువ్యాధి. ఆ రోజు నుంచి నేనూ ఆయన్ని కనిపెట్టడం మొదలుపెట్టాను. రోజూ భోజనమయ్యాక బాబాయి కంప్యూటరు గదిలో దూరి మూడు తాళాలూ లోపల్నుంచి వేసుకునేవాడు. తలుపుకి చెవి ఆనిస్తే లిఫ్టన్న గొంతు ఒకే ఒక్క అక్షరాన్ని వందసార్లు అనడం వినిపించేది. డ్డా. డ్డా. డ్డా. మనిషిని ముక్కముక్కలుగా కోసి పాటలోంచి తీసేస్తున్నాడని నాకు రూఢి అయిపోయింది.

ఒక మధ్యాహ్నం కింద ఇస్త్రీపెట్టె బుసకొట్టిన చప్పుడు మైకులో పడింది. బాబాయి "నిన్నెవరు పంపారో చెప్పు!" అని అరుచుకుంటూ మెట్లు దిగాడు. ఆ ఇస్త్రీ ఆయన మా కంటే పదకొండేళ్లు ముందు నుంచీ ఆ దుకాణంలో ఉన్నాడు. ఆ కంగారులో తాళాలు మరిచిపోయాడు బాబాయి. నేను లోపలికి వెళ్లాను.

కంప్యూటరులో ఒక్కొక్కరి గొంతుకీ ఒక్కో వరస. లిఫ్టన్న వరస ఖాళీగా ఉంటుందనుకున్నాను. అన్నిటికంటే నిండుగా ఉంది. చిన్న చిన్న ముక్కలు, ప్రతి ముక్కకీ ఒక చీటీ. 'తొమ్మిదో లైను, మొదటి సగం, బుధవారం.' 'పదమూడో లైను, రెండో సగం, దగ్గుకి ముందు.' 'నిలబడ్డా అన్న మాటలో డ్డా మాత్రం, శనివారం.' మూడు వారాల రొప్పులోంచి, బియ్యంలో రాళ్లు ఏరినట్టు దగ్గులన్నీ ఏరిపారేసి, మంచి ఊపిరంతా ఒక దారానికి గుచ్చుతున్నాడు.

అలవాటు కొద్దీ మిగతా వరసలూ చదివాను. "నాది ఒక్క దెబ్బకే ఓకే" అని గొప్పలు పోయే డాక్టరుకి రెండు వందల పన్నెండు ముక్కలు. డ్రైవరక్క ప్రతి లైను చివరా గొంతు మింగేస్తుంది. ఆ చివరలన్నీ ఒక్కొక్కటిగా పైకి లేపి ఉన్నాయి. ఇక లెక్కల మాస్టారికి నాలుగు వరకు లెక్కపెట్టడం రాదు. ప్రతి లైనూ బీటుకంటే ముందే దూకితే, వెనక్కి ఈడ్చి కూర్చోబెట్టాడు.

"ఏం చూశావు?" గుమ్మంలో బాబాయి.

"ఏమీ చూడలేదు."

"అబద్ధం. ఎవరి వరస చూశావు?"

"...అందరిదీ."

ఆయన కుర్చీలో కూలబడ్డాడు. దొంగని పట్టుకున్నవాడిలా లేడు, దొరికిపోయినవాడిలా ఉన్నాడు.

"నలుగురికీ అతుకులేనా బాబాయ్?"

"మెల్లిగా! గోడలకి చెవులుంటాయి. నలుగురికీ. ఒకళ్లదొకళ్లు విన్నారనుకో, నీకు అతుకులు వేశారంటే నీకు వేశారని కొట్టుకు చస్తారు. అదీ పోనీ. జబ్బు లేని ముగ్గురికీ ఇన్ని అతుకులని తెలిస్తే, వాళ్ల ఊపిరి కూడా పోతుంది."

"అందుకా ఈ తాళాలన్నీ?"

"కాదు, దొంగలున్నారు." అటు తిరిగి అన్నాడు, "అందుక్కూడా."

అట్ట కాగితం తీసుకుని ఖాళీలో లిఫ్టన్న పేరు తనే రాశాడు. కవరులో పెట్టి, అంటించి, అంటించినచోట సంతకం చేసి, ఆ సంతకం తనదేనా అని ఇంకోసారి చూసుకున్నాడు.

ఆల్బం తయారైన రోజు నలుగురూ మొదటిసారి ఒకే గదిలో ఒకే బల్ల మీద కూర్చున్నారు. పాటలు వరసగా నడిచాయి. ఎవరి పాట వచ్చినప్పుడు వాళ్లు మిగతావాళ్ల మొహాలు దొంగచూపులు చూసుకున్నారు. చివరికి పెద్ద పాట. డాక్టరు అయిపోయాడు, డ్రైవరక్క అయిపోయింది, మాస్టారు అయిపోయాడు. లిఫ్టన్న తల వంచుకుని నేలకేసి చూస్తున్నాడు.

అప్పుడు ఆయన గొంతు మొదలైంది. తొమ్మిది దాటింది. పది దాటింది. పదహారూ ఎక్కడా ఆగకుండా, పై అంతస్తుకి నేరుగా వెళ్లే లిఫ్టులా వెళ్లిపోయాయి.

పాట ఆగింది.

"ఇది... నేనేనా సార్?" అన్నాడు లిఫ్టన్న.

"అదే నేనూ అడుగుతున్నా" అన్నాడు డాక్టరు. "ఈయనకి ఊపిరాడటం లేదన్నారు కదా? ఇదెలా వచ్చింది?"

ముగ్గురూ బాబాయి వైపు తిరిగారు. ఇంకో ప్రశ్న పడితే రెండు వందల పన్నెండు ముక్కలూ నేల మీద పడేలా ఉన్నాయి.

బాబాయి లేచి నిలబడ్డాడు. లిఫ్టన్న మొహం మీదకి వేలు చూపించాడు.

"ఈయన్నడగండి! మూడు వారాలు నా ఎదురుగా రొప్పాడు, దగ్గాడు, చెమటలు కక్కాడు. అంతా నాటకం! మీ ముగ్గురూ తనని తేలిగ్గా తీసుకోవాలని! ఆఖరి రోజు వచ్చి ఒక్క దెబ్బకి పదహారూ కొట్టేసి పోయాడు. నాకు మొదటి రోజే అనుమానం వచ్చింది."

లిఫ్టన్న నోరు తెరిచాడు. బాబాయి కళ్లలోకి చూశాడు, చాలాసేపు. తెరిచిన నోరు మూసుకున్నాడు. తర్వాత మెల్లిగా చొక్కా కాలరు సర్దుకున్నాడు.

"కనిపెట్టేశారా?" అన్నాడు.

"అమ్మ దొంగా!" అంది డ్రైవరక్క.

"నేనప్పుడే అనుకున్నా" అన్నాడు డాక్టరు.

మాస్టారు లేచి, బల్ల చివరికి జరిగి కూర్చున్నాడు.

ఆ రోజు నలుగురూ కలిసే మెట్లు దిగారు. నేను పైనుంచి చూస్తున్నాను. సగం దిగాక లిఫ్టన్న గోడ పట్టుకుని ఆగిపోయాడు. భుజాలు ఎగిసి పడుతున్నాయి. వెనకున్న ముగ్గురూ ఆగారు.

"చూడు, మళ్లీ మొదలెట్టాడు" అన్నాడు డాక్టరు, డ్రైవరక్క చెవిలో.

"కానీ, ఎంతసేపు నటిస్తాడో చూద్దాం" అందావిడ.

చేతులు కట్టుకుని, ఆయన ఊపిరి కుదుటపడేదాకా ముగ్గురూ అక్కడే నిలబడ్డారు.