ఎర్ర గీత పడిన తొమ్మిది పేర్లు

మొన్న గరాజ్ సర్దుతుంటే పాత ఫైల్లోంచి నేను గీసిన గళ్ళ కాగితం ఒకటి జారిపడింది. అందులో నేను రాసినవి పదకొండు పేర్లు, ఒక్కో పేరు ముందు మూడు గళ్ళు, తొమ్మిది పేర్ల మీద ఎర్ర గీత. పదేళ్ళు దాటినా ఆ గీతలు చూడగానే నా మొహం వేడెక్కింది.

2004లో న్యూజెర్సీలోని పార్సిప్పనీలో మా పై అంతస్తులో ఒక క్రొయేషియా పెద్దాయన ఉండేవాడు. మా ఇద్దరిదీ ఒకే ఆఫీసు. మధ్యాహ్నం డబ్బాలు విప్పుకునే వేళ, నాలుగైదు వందల ఏళ్ళ కిందటి తమ పదకొండు మంది తత్త్వవేత్తల గురించి, తమకంటూ సొంత రాజ్యం లేని రోజుల్లో ఆ పేర్లే తమకు దేశమయ్యాయని, అన్నం చల్లారిపోయేదాకా చెప్పేవాడు. వాళ్ళ జనాభాకి మన తెలుగువాళ్ళం పదిహేను రెట్లకు పైనే ఉంటామని నేను మనసులో లెక్క కట్టుకునేవాణ్ణి.

ఆయన మనవరాలితో ఆడుకునే మా అమ్మాయి ఆ పదకొండు పేర్లూ ఎక్కాల్లా నేర్చుకొచ్చి, భోజనాల దగ్గర, "డాడీ, మన తెలుగు ఫిలాసఫర్స్ పేర్లు చెప్పవా?" అంది. వేళ్ళు ముడవబోయి రెండో వేలు దగ్గర ఆగిపోయాను. "ఓన్లీ టూ ఏనా?" అని లేచి వెళ్ళిపోయింది.

నా ఈడువాళ్ళకు చెప్పక్కర్లేదు, పిల్లల ముందు చిన్నబోతే ఎలా ఉంటుందో. లెక్కలు నేను ఎవరి దగ్గరా నేర్చుకోలేదు, సొంతంగా పట్టుబట్టి నేర్చుకున్నవే. ఆ పట్టుతోనే నెల రోజులు లైబ్రరీకి తిరిగి, ఎక్కడ పుట్టారు, ఏ భాషలో రాశారు, ఎక్కడ పనిచేశారు అని మూడు గళ్ళు గీశాను. ఎక్కువమంది లాటిన్‌లో రాసినవాళ్ళే, ఇటలీలో బతికినవాళ్ళే. మూడు గళ్ళలో రెండింటిలోనైనా తమ దేశమో తమ భాషో లేనివాళ్ళను కొట్టేస్తే ఇద్దరు మిగిలారు. వాళ్ళకీ ఇద్దరే, మనకీ ఇద్దరే!

"మన లెక్క పెంచుకోవాలి గానీ, వాళ్ళది తగ్గిస్తారేమిటండీ?" అంది మా ఆవిడ. వినలేదు.

మర్నాడు కాగితం ఆయన ముందు పెట్టాను. నిదానంగా చదివి, అడుగున పన్నెండో వరసలో నా పేరు రాశాడు. పుట్టింది తెనాలి, రాసేది ఇంగ్లీషు, పని న్యూజెర్సీ. "నీ లెక్కే, తప్పుంటే దిద్దు," అని ఎర్ర పెన్ను నా చేతికిచ్చాడు. గీత గీయలేకపోయాను. "మేమూ గీయలేకపోయాం. అందుకే పదకొండు మంది ఉన్నారు," అని నవ్వి డబ్బా మూత పెట్టుకున్నాడు.

ఆయన వాళ్ళ దేశం వెళ్ళిపోయాడు. మా అమ్మాయి కాలేజీలో ఉంది. మూడో పేరు నేను చెప్పలేదు, తనూ మళ్ళీ అడగలేదు. అప్పట్లో నా అసూయ ఆ పదకొండు మందిని చూసి. ఇప్పుడు, ఊరొదిలి పోయినవాళ్ళను కూడా ఇన్ని వందల ఏళ్ళుగా మావాళ్ళేనని చెప్పుకుంటున్న ఆ జనాన్ని చూసి. పన్నెండో వరస మీద ఇప్పటికీ గీత లేదు. కానీ ఆ పేరు ఎవరి పిల్లలు అప్పజెబుతారు?