గాడిద రాసిన ఉత్తరం

కాలువకు కొత్త నీళ్ళు వదిలిన రోజున ధవళేశ్వరంలో ఎండిన మట్టి తడిసే వాసన మా ఇరిగేషన్ ఆఫీసు కిటికీ దాకా వస్తుంది. ఈ ఉదయమూ వచ్చింది. రైతుల వాట్సాప్ గ్రూపుకు పంపాల్సిన నోటీసు సగంలో ఆపి, కళ్ళు మూసుకుని కాసేపు ఆ వాసనలోనే ఉండిపోయాను. అలా ఉంటే, ఎదుటి కుర్చీలో కామేశ్వరి గారు కూర్చుని కళ్ళజోడు పైనుంచి నా కాగితం చూస్తున్నట్టే ఉంటుంది. ఆవిడ మా సూపరింటెండెంటు. రిటైరయ్యాక, నిరుడు పోయారు.

నేను చేరిన కొత్తలో, వేసవికి కాలువ కట్టేస్తున్నామని నోటీసు రాయమన్నారు. "నీటి సరఫరా తాత్కాలికముగా నిలుపుదల చేయబడునని ఇందుమూలముగా తెలియజేయడమైనది" అని రాసి, మెచ్చుకుంటారని ఎదురుచూశాను. ఆవిడ రెండుసార్లు చదివి, "ఇది చదివేలోపు కాలువ ఎండిపోతుందమ్మా," అన్నారు. తనే కింద రాశారు: "ఆదివారం నుంచి మన కాలువకు వేసవి సెలవులు. మంచినీళ్ళ చెరువులు ఇప్పుడే నింపుకోండి. తర్వాత బతిమాలినా రాదు." నోటీసు బోర్డు దగ్గర ఆగిన రైతులు నవ్వుకుంటూ ఫొటోలు తీసుకున్నారు. నాకు మాత్రం ఒళ్ళు మండింది. ఆఫీసన్నాక ఒక మర్యాద ఉండొద్దా అనుకున్నాను.

ఆ మర్యాదే నా కొంప ముంచింది. అమ్మ పోయాక నన్ను పెంచింది మా అక్క. పెనుగొండలో ఉంటుంది. నా గృహప్రవేశానికి అందరికీ పంపినట్టే అక్కకూ ఫోన్‌లో శుభలేఖ పంపాను, పైన "శ్రీమతి వరలక్ష్మి గారికి" అని రాసి మరీ. నోరారా పిలవలేదు, పైగా గారు అన్నాను. పెంచిన మనిషికి అదెలా ఉంటుందో నాకు తట్టనే లేదు. "ధన్యవాదములు. శుభాకాంక్షలు" అని జవాబొచ్చింది. అక్క రాలేదు. ఆరు నెలలు ఫోన్ ఎత్తలేదు. నాకు అన్నం సహించేది కాదు.

చివరికి రెండు పేజీల క్షమాపణ రాసి, దిద్దమని కామేశ్వరి గారికిచ్చాను. "నా వలన జరిగిన పొరపాటునకు మిక్కిలి చింతిస్తున్నాను" దగ్గర ఆవిడ ఆగిపోయారు.

"ఎవరికమ్మా ఈ సంజాయిషీ? మీ అక్కకా, కలెక్టరుకా?"

"అక్కకేనండి."

"చిన్నప్పుడు ఏమని పిలిచేదానివి?"

"అక్కాయ్ అనండి. కోపమొస్తే రాక్షసీ అని."

"మరి ఆవిడ నిన్ను?"

"గాడిదా అనేదండి," అంటూండగానే నాకు ఏడుపొచ్చేసింది.

"ఆ గాడిద రాయాలి తల్లీ ఈ ఉత్తరం. మా ఆఫీసు అసిస్టెంటు కాదు," అని ఆ కాగితాలు మడిచి సొరుగులో పడేశారు.

ఫోన్ తీసి రాశాను: "అక్కాయ్, పాలు పొంగాయి గానీ నువ్వు లేవని పక్కకు పొంగాయి. ఆ రోజు నుంచీ కొత్త వంటింట్లో పులిహోర కుదరట్లేదు. వచ్చి తిట్టు, రాక్షసీ." పంపి ఫోన్ బల్ల మీద పెట్టాను. కిటికీ బయట కాలువ మీద ఎండ మెల్లగా జరుగుతోంది, నేను దాన్నే చూస్తూ కూర్చున్నాను. భోజనాల వేళకు జవాబొచ్చింది.

"గాడిదా, చింతపండు నానబెట్టు. రేపు పొద్దున్న బస్సుకొస్తున్నా."

కామేశ్వరి గారు అది చదివి, కళ్ళజోడు తీసి తుడుచుకున్నారు. "నిన్ను మళ్ళీ గాడిదను చేసింది. ఇంకేం కావాలమ్మా?" అన్నారు.

ఇప్పటికీ ఏది రాసినా ముందు పైకి చదువుకుంటాను. నాలుక ఆగిన చోట మాట మారుస్తాను. ఈ ఉదయం నోటీసు మళ్ళీ మొదలుపెట్టాను: "కాలువకు సెలవులు అయిపోయాయి, నీళ్ళతో వచ్చేసింది. నారుమళ్ళు సిద్ధం చేసుకోండి." గ్రూపుకు పంపి, అలవాటుగా ఎదుటి కుర్చీ వైపు చూశాను. చూపించడానికి ఆవిడ లేరు. అక్కకు పంపాను.

"బాగుంది. టిఫిన్ తిన్నావా గాడిదా?" అని వచ్చింది.