సరాయ్ చీటీ మీద ఎర్రగీత

2006 సెప్టెంబరులో షికాగోలో ఒక నిఘంటు ప్రచురణ సంస్థ నన్ను వ్యుత్పత్తి విభాగానికి సీనియర్ ఎడిటర్‌గా వేసింది. ఒక మాట ఏ భాషలో పుట్టింది, ఏ దారిన వచ్చింది, దారిలో అర్థం ఎలా మారింది అని తేల్చడం మా పని. నేపర్‌విల్ నుంచి రోజూ రైల్లో వెళ్ళివచ్చేవాణ్ణి.

మాటకొక చీటీ. సహాయకులు రాసింది సీనియర్ చూడాలి. సరిపోతే సంతకం. ఆధారం చాలకపోతే నీలం పెన్సిల్‌తో గుర్తుపెట్టి పెండింగ్ పెట్టెలో వేయాలి. తప్పని రుజువు చూపగలిగితేనే ఎర్ర పెన్సిల్‌తో కొట్టేయాలి.

రష్యాలో ఉండే తాతార్ జాతికి చెందిన గుల్నారా అనే మహిళ అప్పుడు మా దగ్గర కాంట్రాక్టు సహాయకురాలు. యాభై దాటిన మనిషి, గొంతు పెంచి ఎరగదు. 'సరాయ్' చీటీ ఆమెదే. పర్షియన్ నుంచి బయలుదేరిన ఆ మాటకు టర్కిష్‌లో రాజభవనం అని అర్థం, రష్యన్‌లో కొట్టం. తాతార్‌లో రెండూ ఉన్నాయనీ, కొట్టం అనే అర్థం రష్యన్లకు తమవాళ్ళ నుంచే వెళ్ళి ఉండవచ్చనీ గుల్నారా రాసింది. ఆధారం గడిలో "మా అమ్మ ఆవుల్ని కట్టేది సరాయ్‌లోనే" అని ఉంది. నాకు చిర్రెత్తుకొచ్చింది. తాతార్లే రష్యన్ అర్థాన్ని తెచ్చుకుని ఉంటారని తీర్మానించి, ఎర్రగీత గీసేశాను.

డిసెంబరులో కాంట్రాక్టుల రెన్యువల్ జాబితా వచ్చింది. ఎర్రగీతలు ఎక్కువున్నవాళ్ళను తీసేస్తారు. గుల్నారాకు ఆరు, అన్నీ నేను గీసినవే. ఆమె వీసా ఆ ఉద్యోగం మీదే ఉంది.

ఇంట్లో చెబితే మా ఆవిడ సరళ గరిట పక్కన పెట్టింది.

"ఏవండీ, ఆవిడ రాసింది తప్పని మీ దగ్గర ప్రూఫ్ ఉందా?"

"లేదు. కరెక్టని ఆవిడ దగ్గరా లేదు."

"మరి రూల్ ప్రకారం బ్లూ కదా? ఆవిడ జాబ్ పోతుంటే ఇంకా డిన్నర్ చేస్తూ కూర్చుంటారేంటి?"

అన్నం సయించలేదు. సిగ్గేసింది.

మర్నాడు ఆరు చీటీలూ తీసి చూశాను. ఒక్కదానికీ నా దగ్గర రుజువు లేదు. గీత వెనక్కి తీసుకోవాలంటే సీనియర్ తన పొరపాటును రాసి సంతకం చేయాలి. ఆ కాగితం అతని ఫైల్లో శాశ్వతంగా ఉండిపోతుంది. చీటీలకు నీలం గుర్తు పెట్టి, ఆరు కాగితాలు రాసి చీఫ్ ఎడిటర్‌కు ఇచ్చాను. ఆయన చదివి జాబితా సవరించారు. గుల్నారాకు మరో ఏడాది కాంట్రాక్టు వచ్చింది. క్షమాపణ చెప్పబోతే, సరాయ్ చీటీలో తన తల్లి ఊరి పేరు కూడా చేర్చమని మాత్రం అడిగింది. చేర్చాను.

నేను రిటైరయ్యేనాటికి కూడా సరాయ్ చీటీ పెండింగ్ పెట్టెలోనే ఉంది. ఆధారం దొరకకపోవడం నా పనిలో కొరత. ఆరుసార్లు ఆ కొరతను ఆమె తప్పు కింద రాశాను.