మూత లేని గ్రీజు డబ్బా

సోమందేపల్లె దగ్గర మా శెనక్కాయల మిల్లులో యంత్రాలకు గ్రీజు పెట్టే పెద్దమ్మ మొన్న సోమవారం చనిపోయింది. "నిద్రలోనే పోయినాది అన్నా" అని ఆమె కోడలు ఫోన్లో చెప్పింది. చుట్టరికం లేకపోయినా మిల్లులో అందరికీ ఆమె పెద్దమ్మే. నేను అక్కడ ఫిట్టర్ని. ఒకప్పుడు ఆమె మీద నింద వేసింది నేనే. అందుకే ఇది నేనే రాయాలి.

ఆ ఏడాది కాయలు వొలిచే డ్రమ్ము బేరింగులు నెలకొకటి పోయేవి. మొదట సన్నగా అదురు, తర్వాత గరగర, ఆఖరికి బిగుసుకుపోవడం. "గ్రీజు సరిగ్గా పెట్టడం లేదు" అన్నాను, విప్పి చూడకుండానే. యజమాని కూలీలందరి ముందర ఆమెను రేపట్నుంచి రావద్దన్నాడు.

ఆమె కదల్లేదు. "నేను యాడికీ పోను. ఆ బేరింగు ఈడనే కొయ్యప్పా. నా తప్పుంటే నేనే పోతా" అంది నాతో.

కోశాను. లోపల గ్రీజు నిండుగా ఉంది. గ్రీజు చాలక చెడిన బేరింగైతే కాలి నీలంగా మారాలి. ఇందులో గుండ్ల నిండా గీతలు, సన్నటి గుంటలు. ఆమె ఆ గ్రీజు కాస్త తీసి నా వేళ్ల మధ్య రుద్దింది. ఇసుక తగిలింది.

"ఇది గ్రీజు కాదు, మన్ను. పొట్టు చెరిగే ఫ్యాను పక్కనే డబ్బా పెట్టినారు. మూత ఇయ్యండని ఎన్నిసార్లు అడిగినా?"

యజమాని లోపలికి పోతూ, "సరేలే, రేపు రా" అన్నాడు.

"నలుగురి ముందర అన్న మాట నలుగురి ముందరే ఎనక్కి తీసుకో సామీ."

ఆయన ఆగాడు. కూలీల వైపు తిరిగి, తప్పు తనదేనన్నాడు. నాదీ తప్పేనని నేనూ అన్నాను.

మర్నాడే గ్రీజు వేరే గదిలోకి మారింది, మూతతో సహా. బేరింగులు రెండు సీజన్లు నిలిచాయి. రోజూ పొద్దున్నే ఆమె తిరిగే డ్రమ్ము బేరింగు పెట్టె మీద అరచెయ్యి ఆనించి కళ్లు మూసుకునేది. "అది ముందే చెప్తాది. మనమే ఇనం" అనేది.

హాజరు పుస్తకంలో ఆమె పేరు పక్కన 'కూలీ' అనే ఉంది. నేను ఒప్పుకోను. నాకు పని నేర్పిన గురువు ఆమె.

అంత్యక్రియల రోజు కాయల లారీ వచ్చి నిలబడింది. ఒక గంట మిల్లు తిప్పి పొమ్మన్నాడు యజమాని. "ఈ పొద్దు తిప్పం" అన్నారు కూలి ఆడవాళ్లు. నేను మెయిన్ స్విచ్ ఆపేశాను. మిట్టమధ్యాహ్నం ఎండలో హైవే పక్కన వాళ్లంతా అంత్యక్రియలకు వరుసగా నడిచిపోతుంటే, వాళ్ల జుట్టులో చిక్కుకున్న శెనక్కాయ పొట్టు గాలికి ఎగురుతూ రోడ్డు దాటుతోంది.